కింద హోటలు, పైన కాపురం: అలా పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పండి

గంటస్తంభం అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది విజయనగరం. ఇంటి విషయం ఒకటి అడగాలని రాస్తున్నాను, పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారిది టిఫిన్ హోటల్, మూడు లాంతర్ల జంక్షన్ నుంచి కోటకెళ్ళే దారిలో. ఆరు టేబుళ్ళు. కింద హోటలు, పైన రెండు గదులు, నేనూ మా తమ్ముడూ ఆ రెండు గదుల్లోనే పెరిగాం. నాన్నకి ఇప్పుడు 70 దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, పెనం దగ్గర నిలబడలేకపోతున్నారు, ఇక మూసేద్దాం అనుకుంటుంటే మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నేను నడుపుతాను అని వచ్చాడు, భార్యా ఇద్దరు పిల్లలతో ఆ పైగదుల్లోనే ఉంటానంటున్నాడు, పిల్లలకి 8, 5 ఏళ్ళు. నాన్న హోటల్ ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు గానీ ఒక్క మాట మీద నిలబడిపోయారు. "హోటలు ఇచ్చీస్తాను, కాదన్ను. పిల్లల్ని మాత్రం పైన పెట్టొద్దు. నా పిల్లలు నా ఈపు సూసి పెరిగినారు, ఆడి పిల్లలు కూడా ఆడి ఈపు సూసే పెరగాలేటి?"

ఆయన పెనం ముందు నిలబడితే హాలు వైపు వీపే ఉండేది. నిజంగానే మాకు నాన్న అంటే ముందు గుర్తొచ్చేది చెమటకి ఒంటికి అంటుకుపోయిన బనీనే.

నేను విశాఖపట్నంలో ఉంటాను. ఇద్దరూ నువ్వే చెప్పు అంటున్నారు, నాకేమో చెప్పడం రావట్లేదు, ఎందుకంటే ఆ ఇంట్లో పెరగడం బాగుందో లేదో నాలో నేనే ఇన్నేళ్ళూ తేల్చుకోలేదు.

తెల్లవారుజామున 4 గంటలకి కింద గ్రైండర్ వేస్తే పైన మా మంచం కోళ్ళు సన్నగా వణికేవి, దానికే లేచేవాళ్ళం. గ్యాస్ రాకముందు మాది పొట్టు పొయ్యి. రంపం మిల్లు నుంచి పొట్టు బస్తాలొచ్చేవి, డబ్బా అడుగున కన్నంలోంచి అడ్డంగా ఒక కర్ర దూర్చి, మధ్యలో నిలువుగా సీసా పెట్టి, చుట్టూ పొట్టు దిమ్మిసతో కూరినట్టు కూరి, కర్రా సీసా మెల్లిగా తిప్పుకుంటూ బయటికి తీస్తే గూడు మిగులుతుంది, మంట ఆ గూడులోంచి లేస్తుంది. ఆ పని నాది. చెయ్యి కొంచెం వణికినా గూడు కూలిపోయేది, మళ్ళీ మొదట్నుంచీ కూరాలి, ఈలోగా వంట మాస్టరు పెనం పట్టుకుని నా నెత్తిన నిలబడేవాడు. సాలూరు వైపు నుంచి అడ్డాకుల కట్టలొచ్చేవి, పార్సిల్ కట్టడం మా తమ్ముడికి ఆరేళ్ళకే వచ్చేసింది.

చదువంతా ఆరో నంబరు టేబుల్ మీదే. రోజూ కాఫీకొచ్చే కోర్టు గుమాస్తాగారు నా లెక్కల పుస్తకం తనంతట తనే లాక్కుని తప్పులు దిద్దేవారు. సంగీత కళాశాల కుర్రాళ్ళు దోసె వచ్చేలోగా టేబుల్ మీద తాళం వేసుకుంటూ కూర్చునేవాళ్ళు, ఆదితాళానికి 8 అక్షరాలని నాకు తెలిసింది అక్కడే. ఇన్ని మంచి మాటలు ఇంకెక్కడ దొరికేవి అనిపిస్తుంది.

కానీ మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు తలుచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దసరా వెళ్ళిన మంగళవారం, ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చుట్టాలందరూ మా డాబా ఎక్కేవాళ్ళు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వెనక పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడు సార్లు వెళ్ళొస్తుంది కదా, మూడు సార్లూ మా ముందు నుంచే. జనం విసిరిన అరటిపళ్ళు మా డాబా మీద కూడా పడేవి. మా అమ్మ మాత్రం ఆ మూడు సార్లూ కింద పూరీలు వేయిస్తూనే ఉండేది. డాబా మీద పడిన అరటిపండు ఒకటి పరిగెత్తుకెళ్ళి ఇస్తే నూనె చేతులతో కళ్ళకద్దుకుని పక్కన పెట్టేది. కాపురానికొచ్చిన ఎన్నో ఏళ్ళ దాకా ఆవిడ అమ్మవారి సిరిమానుని కళ్ళారా చూడలేదు, ఇంటి ముందు నుంచి వెళ్తున్నా.

ఇంకొకటి. మధ్యాహ్నం రెండున్నరకి షట్టరు సగం దించేవాళ్ళు, మళ్ళీ నాలుగుకి పాలు రాగానే ఎత్తేవాళ్ళు. ఆ గంటన్నర మాత్రం మా ఇల్లు మాది. నేల కడిగిన తడి ఇంకా ఆరేది కాదు, నలుగురం ఒక టేబుల్ చుట్టూ కూర్చుని మిగిలిన ఇడ్లీలు పెరుగులో చిదుపుకుని తినేవాళ్ళం, నాన్న మా ముఖాలు చూసి "ఏట్రా, ఏటి సదివినావు ఈ ఆరం" అని అడిగేవారు. బడి ఉన్న రోజుల్లో అదీ లేదు, ఆదివారాలూ సెలవులే.

ఇప్పుడు చెప్పండి. కొట్టులోనో హోటల్లోనో లాడ్జీలోనో పెరిగినవాళ్ళు, మీ పిల్లల్ని అలా పెంచుతారా?

నాగావళి గట్టు:

తమ్ముడూ, మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా నాన్నకి మెస్సు ఉండేది. ముందు ఒకటి అడుగుతాను, ఇంత పెద్ద పోస్టు రాశావు కదా, మీ మరదలు ఏమంటోంది? ఆవిడ మాట ఒక్కటి కూడా లేదు ఇందులో. పైన ఉండేదీ, తెల్లారి నాలుగుకి లేచేదీ ఆవిడే కదా.

నేను ఆడపిల్లగా చెప్తాను. పదకొండేళ్ళ దాకా ఆ మెస్సు నాకు స్వర్గం. నీళ్ళ గ్లాసులు నేనే పెట్టేదాన్ని, బ్యాంకు వాళ్ళు, ఎల్‌ఐసీ వాళ్ళు, బస్సు కండక్టర్లు అందరూ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు, ఎవరికి పప్పులో నెయ్యి కావాలో ఎవరికి చారు రెండోసారి వెయ్యాలో నాకు తెలుసు. పెద్దమనిషినయ్యాక ఒక్క రోజులో అంతా ఆగిపోయింది. మెట్లు దిగొద్దు అన్నారు. హాల్లోంచి నవ్వులు వినిపించేవి, నేను పై మెట్టు మీద కూర్చుని ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకునేదాన్ని. బాత్‌రూం కిందే, వెనక వైపు, భోజనాల టైములో వెళ్ళాలంటే అమ్మ ముందు వెళ్ళి చూసి రా అనేదాకా ఆగాలి. ఇది మగపిల్లలకి తెలీదు, మీ తమ్ముడికి ఆడపిల్ల ఉంటే ఇది ముందే ఆలోచించాలి.

రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే జనం, మాకు ముందు రోజు సాయంత్రం నుంచే వంట. మా ఊరి దేవుడి పండక్కి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి దర్శనం చేసుకుని మా దగ్గర భోంచేసి వెళ్ళేవాళ్ళు, మేం మాత్రం ఇంకో రోజు వెళ్ళేవాళ్ళం. మీ అమ్మగారి సంగతి చదివి మా అమ్మ గుర్తొచ్చి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. సాంబారు గిన్నె తగిలి కాలిన మచ్చలు ఆవిడ ముంజేతుల మీద గాజులకి పైన వరసగా ఉండేవి.

మీ నాన్నగారి మాట వినండి. ఆయన ఊరికే అనలేదు.

పేట సంత:

బాబూ, నాకు 46. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మాది హోటలు కాదు, సారా కొట్టు. చెప్పుకోడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు, ఇక్కడ నా పేరు ఎవరికీ తెలీదు కాబట్టి రాస్తున్నాను.

మా తాత కాలంలో కల్లు. తాటితోపులో చిన్న పాక, పొద్దున్న దింపిన కల్లు తియ్యగా ఉండేది, ఎండెక్కిన కొద్దీ పులిసి నురగ కట్టేది, తాటాకు మడిచి పోస్తే పొలం పని చేసొచ్చిన వాళ్ళు తాగి కబుర్లు చెప్పుకుని ఎళ్ళిపోయేవాళ్ళు. తాత నాకు పొద్దుటి తీపిది ఒక గుక్క పోసేవాడు. ఆ పాక తలుచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. తర్వాత మా నాయన వేలంపాటలో సారా కొట్టు తీసుకున్నాడు, ఊళ్ళోకి వచ్చాం, ముందు కొట్టు వెనక మా గది, మధ్య గోనెపట్టా ఒకటే అడ్డం. ప్యాకెట్లు లెక్కపెట్టి ఇవ్వడం నా పని. మీకు గుమాస్తాగారు లెక్కలు నేర్పితే నాకు ప్యాకెట్లు నేర్పాయి.

ఒక సాయంత్రం ఒకాయన కోసం వాళ్ళావిడ కొట్టు ముందుకొచ్చి నిలబడింది, పక్కన వాళ్ళబ్బాయి. వాడు నా క్లాసు, నా బెంచీ. ఆయన ఇంట్లో ఉన్న బియ్యం అమ్మేసి వచ్చాడు, ఆ డబ్బులు నేనే గల్లాపెట్టెలో వేశాను అప్పటికే. వాడు నన్ను చూశాడు, ఏమీ అనలేదు. మర్నాడు బళ్ళో వేరే బెంచీకి మారిపోయాడు. మా అమ్మ గోనెపట్టా వెనకాల్నించి అంతా విని ఆ రాత్రి అన్నం ముట్టుకోలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నాకు 14 ఏళ్ళు. నాయనకి బతుకుతెరువు పోయింది, అప్పులు మీద పడ్డాయి, అయినా మా అమ్మ ఆ రోజు కొట్టు నేలంతా పేడతో అలికి ముగ్గెట్టింది. తర్వాత అక్కడే టీ కొట్టు పెట్టాం, అదే బల్ల, అదే గోడ, పునుగులూ టీ. ఏడాదికో ఎప్పుడో ఆ బెంచీ మారిపోయిన వాడు వచ్చి టీ తాగి వెళ్ళాడు.

మీరు పిల్లలు ఏది చూస్తారో అని భయపడుతున్నారు. మీ కొట్టులో ఆకలేసి వచ్చినవాడు కడుపు నిండి వెళ్ళడం చూస్తారు. నాకది పద్నాలుగేళ్ళు దాటాక గానీ దొరకలేదు. నా మాటైతే పైనే ఉండనీయండి.

లీడ్స్‌లో బొబ్బిలి వాడు:

అన్నా, నేను బొబ్బిలి, ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను, ఎందుకంటే మా పక్కింటి పెద్దాయన తన చిన్నప్పటి సంగతులు చెప్తే అచ్చం మీరు చెప్పినట్టే ఉంటుంది. ఆయన పబ్బులో పుట్టి పెరిగాడు. పబ్ అంటే మన దగ్గర రంగు లైట్లూ డాన్సులూ అనుకుంటారు, అది కాదు, అసలు మాట పబ్లిక్ హౌస్, నలుగురూ వచ్చి కూర్చునే ఇల్లు. చాలావాటికి మీ హోటల్లాగే కింద వ్యాపారం, పైన కాపురం.

బిల్డింగు బీరు కంపెనీది, వీళ్ళమ్మానాన్నలు కిరాయిదార్లు, బీరు ఆ కంపెనీ దగ్గరే కొనాలి. లైసెన్సు ఎవరిదో వాళ్ళ పేరు గుమ్మం పైన చిన్న అక్షరాల్లో రాసుండేదట, బడి నుంచి వచ్చి నాన్న పేరు కింద నుంచి లోపలికి వెళ్ళేవాణ్ణి అని చెప్తుంటాడు. పొద్దున్నే లేచి ఖాళీ సీసాలు పెట్టెల్లో సర్దడం, యాష్‌ట్రేలు తుడవడం ఈయన పని, అప్పట్లో లోపలే సిగరెట్లు, ఇంగ్లండ్‌లో లోపల కాల్చకూడదని చట్టం వచ్చింది 2007 జూలై 1నే కదా, అందుకని బడికెళ్తే బట్టలు పొగ వాసన కొడుతున్నాయని పిల్లలు దూరం జరిగేవాళ్ళట. భూమిలోపల నేలమాళిగలో పీపాలు, 12 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, మన ఇడ్లీ పిండి గిన్నెలో పులిసినట్టు వాళ్ళ బీరు ఆ పీపాలో కూడా ఇంకా పులుస్తూనే ఉంటుంది, పైన చిన్న చెక్క మేకు కొట్టి గాలి పోనిస్తారు, ఆ బుసబుస విని ఇంకా ఎన్ని గంటలాగాలో వాళ్ళ నాన్న చెప్పేవాడట. మీ పొట్టు పొయ్యి గూడు చదవగానే నాకు అదే తట్టింది.

14 ఏళ్ళలోపు పిల్లలు బార్ గదిలోకి రాకూడదని అప్పట్లో చట్టం ఉండేది, లైసెన్సుదారు సొంత పిల్లలకి మినహాయింపు ఉన్నా వాళ్ళమ్మ ఒప్పుకునేది కాదట, ఆయన కూడా ఆ అక్కలాగే మెట్ల మీద కూర్చుని వినేవాడట. రాత్రి ఆఖరి గ్లాసులకి గంట కొడతారు, తర్వాత కుర్చీలు టేబుళ్ళ మీదకి ఎక్కించిన చప్పుడు, ఆ చప్పుడు వింటే గానీ నిద్ర పట్టేది కాదట. క్రిస్మస్ రోజు కూడా మధ్యాహ్నం తెరిచేవాళ్ళు, ఆఖరి మనిషి వెళ్ళాకే పిల్లలు బహుమతులు విప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. అప్పట్లో అక్కడ పబ్బులు మధ్యాహ్నం మూసెయ్యాలని చట్టం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీ పనివాళ్ళు తాగి పనికి రాకుండా పోతారని పెట్టారు, యుద్ధం అయిపోయినా తియ్యలేదు. మూడుకి తలుపేస్తే మళ్ళీ ఐదున్నరకి తెరవడం. ఆ రెండున్నర గంటలే మా అమ్మానాన్నలు మాకు దొరికేవాళ్ళు అంటాడు ఆయన. మీ షట్టరు సగం దించిన గంటన్నరే అది. 1988 ఆగస్టు 22 నుంచి చట్టం మారింది, రోజంతా తెరుచుకోవచ్చు. అప్పటికి ఆ పబ్ వాళ్ళ చెల్లెలి చేతికొచ్చింది. పక్క పబ్బులు తెరుస్తుంటే ఈవిడ మూయలేదు కదా, తనూ తెరిచింది. వాళ్ళ పిల్లలూ ఆ గదుల్లోనే పెరిగారు, ఆ మెట్లే, ఆ గంటే, కానీ వాళ్ళకి మాత్రం మధ్యాహ్నం లేదు. ఇద్దరూ పెద్దయ్యాక ఆ ఇంటి గురించి మాట్లాడటానికి ఇష్టపడరట, ఈయనేమో 70 ఏళ్ళు దాటినా ఆ కబుర్లే చెప్తాడు.

కాబట్టి అన్నా, పైన ఉండాలా వేరే ఇల్లు తీసుకోవాలా అని కాదు, మీ తమ్ముడు మధ్యాహ్నం షట్టరు దించుతాడా అని అడగండి. ఇప్పుడు స్విగ్గీ జొమాటో ఉన్నాయి, మూడు గంటలకి కూడా ఆర్డర్లు వస్తాయి. దించకపోతే వేరే ఇల్లు తీసుకున్నా ఆ పిల్లలకి నాన్న దొరకడు.

అయ్యకోనేరు:

నేను మీ వైపు వాణ్ణి కాదు, టేబుల్ అవతలి వైపు వాణ్ణి. 2014లో విజయనగరంలో రూం తీసుకుని చదువుకుంటున్నాను, హుద్‌హుద్ వచ్చిన అక్టోబరు 12 ఆదివారం. కరెంటు పోయింది, చెట్లు రోడ్ల మీద పడున్నాయి, రూంలో బిస్కెట్ ప్యాకెట్ కూడా లేదు. గాలి తగ్గాక బయటికొస్తే మేం రోజూ తినే హోటల్ వాళ్ళు విరిగిన కొమ్మలే కొట్టి పొయ్యి పెట్టి ఉప్మా చేస్తున్నారు, వాళ్ళ పాప ఆకులు పంచుతోంది, ఏడెనిమిదేళ్ళుంటాయి. డబ్బులు తర్వాత ఇవ్వండి అన్నారు. వాళ్ళ ఇల్లు పైనే కాబట్టి ఆ పూట పొయ్యి వెలిగింది, వేరే చోట ఉండుంటే దారి దాటి వచ్చేవాళ్ళు కాదు. ఆ పాపకి ఆ రోజు గుర్తుంటుందో లేదో తెలీదు గానీ నాకు ఆ ఉప్మా వేడి చేతిలో ఇంకా ఉంది.

కలెక్టరాఫీస్ రోడ్డు:

అందరూ జ్ఞాపకాలు చెప్పారు, నేను ఒక్కటి చెప్తాను. పిల్లలు పైన పడుకుంటే 19 కేజీల సిలిండర్లు మెట్ల కింద పెట్టకండి. బయట గాలాడే చోట గూడు కట్టించి పైపు లోపలికి తీసుకోండి, పైగదులకి రెండో దారి, ఇనుప మెట్లయినా సరే వెనక నుంచి పెట్టించండి. బాత్‌రూం పైకి కట్టించండి, ఆ అక్క చెప్పింది చాలా పెద్ద మాట.

గంటస్తంభం అబ్బాయి:

అందరికీ చేతులెత్తి దండం. అక్కా, మీరు అడిగాక సిగ్గేసింది, మరదలికి నిన్న రాత్రే ఫోన్ చేశాను. "బావగారూ, పైన ఉండటానికి నాకేం ఇబ్బంది లేదు గానీ వంటింట్లోకి నన్ను లాగనని ఆయన చేత చెప్పించండి, నేను టీచర్ ఉద్యోగం చూసుకుంటున్నాను" అంది. ఈ మాట మా ఇద్దరన్నదమ్ములకీ నాన్నకీ కూడా ఇంతవరకూ తెలీదు.

తమ్ముణ్ణి మధ్యాహ్నం సంగతి అడిగాను. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఆపకుండా నడపాలని లెక్కలేసుకున్నాడట, ఆన్‌లైన్ ఆర్డర్లు ఎక్కువ వచ్చేది మూడు నుంచి ఐదు మధ్య అని చెప్పాడు. ఆ గంటన్నర నీకు గుర్తులేదా అంటే చాలాసేపు మాట్లాడలేదు. ఆలోచిస్తాను అని పెట్టేశాడు.

నాన్నకి ఫోన్‌లో మీ జవాబులన్నీ చదివి వినిపించాను. సారా కొట్టు అన్న రాసింది రెండోసారి చదవమన్నారు. బొబ్బిలి తమ్ముడూ, నీది విన్నాక కాసేపు ఆగి ఒకటి అడిగారు, వీలైతే ఆ పెద్దాయన్ని కనుక్కుని చెప్పు: "మూడుకి తలుపేసీసినాక ఆళ్ళమ్మ ఆ గుంటడికి ఏటి పెట్టీదట?"